పి.ఎస్.ఎ. ఎక్కువన్నారు, కేన్సరేనా డాక్టరు గారూ?

మొన్న వేసవిలో ఒక రిటైర్డు మాస్టారు మా ఆస్పత్రికి వచ్చారు. వయస్సు 67. వెంట పెద్దకొడుకు ఉన్నాడు. మాస్టారు కుర్చీలో కూర్చుని, చేతిసంచిలోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారేగాని ఏమీ మాట్లాడలేదు. కొడుకే అందుకున్నాడు.

"ఒంట్లో అన్నీ చూసే ప్యాకేజీ ఏదో ఉందంటే నాన్నగారికి చేయించామండి. అన్నీ బాగానే ఉన్నాయి. ఇదొక్కటే..." అని ఆగిపోయాడు.

కాగితం మీద ఒకచోట ఎర్రసిరాతో గీత గీసి ఉంది. పి.ఎస్.ఎ. 7.8 అని, దాని పక్కన 4 లోపు ఉండాలని అచ్చువేసి ఉంది.

"వారం రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదండి. పొలం పంపకాలు చేసేస్తానంటున్నారు" అన్నాడు కొడుకు.

అప్పుడు మాస్టారు నోరు విప్పారు. "దాపరికం వద్దు డాక్టరు గారూ. ఎన్నాళ్ళుంటానో చెప్పండి, చాలు."

నేను ఆ లెక్క చెప్పలేదు. బదులుగా ఒక ప్రశ్న అడిగాను. "మాస్టారూ, ఈ పరీక్షకు రక్తం ఇవ్వడానికి ముందు నెలరోజుల్లో ఒంట్లో ఏమైనా నలత చేసిందా?"

చేసిందట. పెళ్ళికి వెళ్ళి రైల్లో తిరిగివస్తూంటే దారిలో మూత్రం బంద్ అయిపోయింది. మధ్యలో దిగి ఒక నర్సింగుహోములో గొట్టం వేయించుకున్నారు. మూడురోజులుంచి తీసేశారు. చలిజ్వరం వస్తే మందులు కూడా వాడారు. ఆ తరువాత పదిరోజులకే ఈ చెకప్పు. అక్కడ రక్తం తీసినవాళ్ళు ఈ సంగతి అడగలేదు. అడగలేదు కనుక మాస్టారూ చెప్పలేదు.

ఆయన సంగతి చివర చెబుతాను. ఇటువంటి కవర్లు పట్టుకుని వచ్చేవాళ్ళు ఈమధ్య చాలామంది అవుతున్నారు. ఒకప్పుడు నొప్పి వస్తే డాక్టరు దగ్గరకు వచ్చేవారు, ఇప్పుడు అంకె వస్తే వస్తున్నారు. తప్పనడం లేదు. కాని ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో, ఎలా పుట్టిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది. అందుకని ఈ వారం రోగం కంటే పరీక్ష గురించే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

ఎక్కడిదీ పి.ఎస్.ఎ.?

మగవారికి మూత్రాశయం కింద, మూత్రనాళం మొదలును చుట్టుకుని ఒక గ్రంథి ఉంటుంది. దానిని ప్రోస్టేటు అంటారు. పెద్ద ఉసిరికాయంత ఉంటుంది. కొందరు పౌరుషగ్రంథి అని రాస్తారు గాని, ఆ పేరు విని పౌరుషమంతా అందులోనే ఉందని బెంగపెట్టుకునే వాళ్ళను చూశాను కనుక నేను ప్రోస్టేటు అనే అంటాను. ఈ గ్రంథి కణాలు తయారుచేసే ఒక ఎంజైము పేరు ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజన్. పొట్టిగా పి.ఎస్.ఎ.

ఎంజైము అంటే శరీరంలో ఒక పనిని వేగంగా జరిపించే మాంసకృత్తు. అన్నం ముద్ద నములుతూంటే కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది చూడండి, అది లాలాజలంలోని ఎంజైము చేసే పని. పి.ఎస్.ఎ. ఇతర మాంసకృత్తులను ముక్కలు చేసే రకం. వీర్యం వెలువడిన వెంటనే గడ్డలాగా చిక్కబడుతుంది. అరగంట లోపల మళ్ళీ పలచబడుతుంది. అలా పలచబరచేది ఈ ఎంజైమే. వీర్యకణాలు స్వేచ్ఛగా కదలడానికి ఇది కావాలి. అంటే పి.ఎస్.ఎ. విషపదార్థమూ కాదు, కేన్సరు పుట్టించేదీ కాదు. ప్రతి మగవాడి శరీరంలో రోజూ తయారయ్యే మామూలు సరుకు.

1970లో అమెరికాలో రిచర్డ్ ఎబ్లిన్ ప్రోస్టేటు కణజాలానికి ప్రత్యేకమైన యాంటిజన్ ఒకటి ఉందని రాశారు. 1971లో జపానులో మిత్సువో హారా అనే నేరవైద్య పరిశోధకుడు వీర్యంలో ఇటువంటి మాంసకృత్తును గుర్తించారు. 1979లో బఫెలో నగరంలోని రోజ్‌వెల్ పార్క్ కేన్సరు సంస్థలో దానిని శుద్ధిచేసి వేరుపరచారు. మరుసటి సంవత్సరం అదే సంస్థవారు అది రక్తంలో కూడా దొరుకుతుందని చూపించారు. వైద్యులకు ఆసక్తి కలిగింది అక్కడినుంచే.

వీర్యంలో పి.ఎస్.ఎ. మిల్లీగ్రాముల లెక్కన ఉంటుంది. రక్తంలో నానోగ్రాముల లెక్కన, అంటే దాదాపు పది లక్షల వంతు తక్కువగా ఉంటుంది. గ్రంథి కణాలు దీన్ని తమ సన్నటి నాళాల లోపలికే వదులుతాయి. రక్తంలోకి వెళ్ళకుండా మధ్య గోడలున్నాయి. ఆ గోడల సందులనుంచి ఊరే కొద్దిపాటి చెమ్మనే మనం రక్తంలో కొలుస్తున్నాం.

ఆ చెమ్మ ఎప్పుడు పెరుగుతుంది? గ్రంథి పెద్దదైతే పెరుగుతుంది. యాభై దాటిన మగవారిలో గ్రంథి నిరపాయంగా ఉబ్బడం తల నెరవడమంత మామూలు. గ్రంథికి చీము పట్టినా, వాచినా, గొట్టం వేసి కదిపినా గోడలు చెదిరి పెరుగుతుంది. కేన్సరులోనూ పెరుగుతుంది. ఇక్కడ ఒక వింత ఉంది. కేన్సరు కణం మామూలు కణం కంటే ఎక్కువ పి.ఎస్.ఎ. తయారుచేయదు. కణానికి కణం పోల్చిచూస్తే తక్కువే చేస్తుంది. కాని అది గోడల కట్టడాన్ని పాడుచేస్తుంది కనుక చేసినదంతా రక్తంలోకి జారుతుంది. రిపోర్టు మీది అంకె గోడ ఎంత కారుతోందో చెబుతుంది. కారడానికి కారణమేమిటో అది చెప్పలేదు.

రెండు చేతులతో పట్టుకోవడం

గ్రాములో వందకోట్ల వంతు ఒక నానోగ్రాము. మిల్లీలీటరు రక్తంలో నాలుగైదు నానోగ్రాములున్న పదార్థాన్ని, వేలరకాల ఇతర మాంసకృత్తుల మధ్యనుంచి ఎలా ఏరి లెక్కపెడతారు?

మేము చదువుకునే రోజుల్లో ప్రోస్టేటు కేన్సరుకు యాసిడ్ ఫాస్ఫటేజు అనే మరొక ఎంజైమును చూసేవారు. ఎముకలకు పాకిన రోగుల రక్తంలో అది పెరుగుతుందని 1938లో గట్మన్ దంపతులు గుర్తించారు. చార్లెస్ హగ్గిన్స్ పురుష హార్మోనును ఆపి ఈ కేన్సరుకు చికిత్స చేయవచ్చని 1941లో చూపించినప్పుడు కూడా కొలబద్దగా వాడుకున్నది దాన్నే. ఆయనకు 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఎంజైమును కొలిచే పద్ధతి దాని పనిని కొలవడం. రక్తంలో దానికి నచ్చిన రసాయనాన్ని వేసి, ఎంత వేగంగా విరిచిందో చూసి, ఇంత ఉంది అని లెక్కకట్టేవారు. పనివాళ్ళను లెక్కపెట్టకుండా కోసిన చేను చూసి ఎంతమంది వచ్చారో చెప్పడం లాంటిది.

పి.ఎస్.ఎ.కి ఆ ఉపాయం పనికిరాదు. రక్తంలోకి జారిన పి.ఎస్.ఎ.లో ఎక్కువ భాగాన్ని మరొక మాంసకృత్తు వెంటనే గట్టిగా పట్టేసుకుంటుందని 1991 నాటికి స్పష్టమయింది. ఇక అది ఏ పనీ చేయలేదు. విడిగా మిగిలిన కొద్దిపాటి కూడా చచ్చుబడినదే. చేతులు కట్టేసిన పనివాళ్ళను కోతను బట్టి లెక్కపెట్టలేం కదా! మనిషిని పట్టుకుని తల లెక్కపెట్టవలసిందే.

పట్టుకునే సాధనం యాంటీబాడీ. మన ఒంట్లో సూక్ష్మజీవులను గుర్తుపట్టి అతుక్కునే రక్షక మాంసకృత్తు అదే. ఒక్కొక్క యాంటీబాడీ ఒక్కొక్క ఆకారాన్నే పట్టుకుంటుంది. దీన్ని కొలతకు వాడవచ్చునని అమెరికాలో రోజలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ 1959, 60 ప్రాంతాల్లో ఇన్సులిన్ విషయంలో నిరూపించారు. యాలోగారికి 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికి లేరు. వారు గుర్తుగా రేడియోధార్మిక పదార్థాన్ని వాడారు. 1971లో స్టాక్‌హోంలో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ దాని బదులు ఒక ఎంజైమునే గుర్తుగా తగిలించారు. అదే సమయానికి నెదర్లాండ్స్‌లో మరో ఇద్దరు అదే పని చేశారు. అదే ఎలీసా. డెంగ్యూ రోజుల్లో ప్రతి ఇంట్లో వినబడే మాటే. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ ఒకే రకం యాంటీబాడీని కావలసినంత తయారుచేసే దారి కనిపెట్టాక ఈ విద్య ఆస్పత్రుల్లోకి వచ్చింది.

పి.ఎస్.ఎ.కి వాడే పద్ధతిని శాండ్‌విచ్ అంటారు. రెండు రొట్టెముక్కల మధ్య కూరలాగా, రెండు యాంటీబాడీల మధ్య పి.ఎస్.ఎ. ఇరుక్కుంటుంది కనుక ఆ పేరు. మా అమ్మ వాడే గుంత పొంగణాల పెనం లాంటి ప్లాస్టిక్ పళ్ళెం ఒకటి ఉంటుంది. వరుసకు 12 చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం 96 గుంటలు. ప్రతి గుంట అడుగున మొదటి యాంటీబాడీని అంటించి ఉంచుతారు. రోగి రక్తం పైతేటను అందులో వేస్తే పి.ఎస్.ఎ. వచ్చి అడుగున అతుక్కుంటుంది. మిగిలినదంతా కడిగి పారబోస్తారు. తరువాత రెండవ యాంటీబాడీ పోస్తారు. ఇది పి.ఎస్.ఎ. శరీరాన్ని ఇంకొక చోట పట్టుకుంటుంది. దీని తోకకు ఒక ఎంజైము కట్టి ఉంటుంది. ఎక్కువగా వాడేది ఆవ, ముల్లంగి కుటుంబానికి చెందిన ఒక ఘాటైన విదేశీ దుంపలోనుంచి తీసినది. మళ్ళీ కడుగుతారు. పి.ఎస్.ఎ.ని పట్టుకోని రెండవ యాంటీబాడీ అంతా కొట్టుకుపోతుంది. ఇప్పుడు రంగుమందు వేస్తే గుంట నీలం తిరుగుతుంది. ఆమ్లం వేసి ఆపితే పసుపవుతుంది. ఎంత పసుపో యంత్రం చూస్తుంది. పక్క గుంటల్లో ముందే తెలిసిన మోతాదులు వేసి ఉంటాయి కనుక, వాటి రంగులతో పోల్చి మీ అంకె చెబుతుంది.

కడగడంలోనే ఉంది కిటుకంతా. సరిగ్గా కడగని పళ్ళెంలో లేని పి.ఎస్.ఎ. కూడా ఉన్నట్టు కనబడుతుంది. పెద్ద లాబొరేటరీలలో ఇప్పుడు పళ్ళెం బదులు అయస్కాంతపు పూసలు, రంగు బదులు వెలుగు వాడి, అంతా యంత్రమే చేస్తోంది. సూత్రం మాత్రం అదే. రెండుచోట్ల రెండు చేతులు పడితేగాని లెక్కలోకి రాదు. ఒక చేయి పొరపాటున వేరే మాంసకృత్తును పట్టినా రెండవ చేయి పట్టదు. అందుకే ఇంత సూక్ష్మమైన మోతాదును నమ్మకంగా కొలవగలుగుతున్నారు.

పరిశోధకులు ఇదే శాండ్‌విచ్‌తో కణాల లోపలి పి.ఎస్.ఎ.ని కూడా కొలుస్తారు. 1977లో ఒక రోగి మెడ కింది లింఫు గ్రంథినుంచి తీసి గాజుపాత్రల్లో పెంచుతూ వచ్చిన ప్రోస్టేటు కేన్సరు కణాలున్నాయి. వాటి సంతతి నేటికీ ప్రపంచమంతటా లాబొరేటరీలలో పెరుగుతోంది. అటువంటి కణాలను మంచు మీద చల్లగా ఉంచి, సబ్బులాంటి ద్రావకంతో పగలగొట్టి, గిర్రున తిప్పి పైతేట తీసి, గుంటల్లో వేస్తారు. మొత్తం మాంసకృత్తులో పి.ఎస్.ఎ. ఎంతో లెక్కకడతారు. లేకపోతే ఒక పాత్రలో కణాలే ఎక్కువగా ఉండి అంకె పెరిగినా మందు ప్రభావమనుకునే ప్రమాదముంది. ఈ కణాలమీద చేసిన పనివల్ల తేలిన ఒక సంగతి మనకు చాలా ముఖ్యం. పురుష హార్మోను ఆజ్ఞ ఇస్తేనే కణం పి.ఎస్.ఎ. తయారుచేస్తుంది. ఆజ్ఞ ఆగితే తయారీ పడిపోతుంది.

తక్కువ చూపించి మోసం చేసిన అంకె

ఆ సంగతి తెలియక నష్టపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. లారీ డ్రైవరుగా చేసి మానేశారు. వయస్సు 71. గ్రంథి ఉబ్బిందని నాలుగేళ్ళుగా డ్యూటాస్టెరైడు మాత్ర మింగుతున్నారు. ఫినాస్టెరైడు, డ్యూటాస్టెరైడు అనే ఈ మాత్రలు ప్రోస్టేటులో హార్మోను బలాన్ని తగ్గించి గ్రంథిని కుదిస్తాయి. మంచి మందులే. కాని ఆరునెలలనుంచి ఏడాది వాడేసరికి పి.ఎస్.ఎ. సగానికి పడిపోతుంది. బట్టతలకు తక్కువ మోతాదులో ఫినాస్టెరైడు మింగే కుర్రవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

ఆయన పి.ఎస్.ఎ. ఒక ఏడు 1.9, మరుసటి ఏడు 3.6. రెండూ 4 లోపే. కాగితం మీద ఎర్రగీత పడలేదు. చూసినవాళ్ళు మంచిదే అన్నారు. నిజానికి 3.6ను రెండింతలు చేసి 7.2గా చదవాలి. అంతకంటే ముఖ్యం, ఈ మందు వాడుతుండగా అంకె కిందికి దిగాలి, లేదా అక్కడే ఉండాలి. పైకి ఎక్కుతోందంటే ఎందుకో వెతకాలి. ఎవరూ వెతకలేదు. ఆ తరువాత నడుము నొప్పి వస్తే లారీ నడిపిన నడుమని ఏడాదిపాటు తైలం రాసుకున్నారు. నా దగ్గరకు వచ్చేసరికి పి.ఎస్.ఎ. 58. కేన్సరు వెన్నెముకకు పాకింది.

ఆయనకు మూడునెలలకొక హార్మోను ఇంజెక్షను మొదలుపెట్టించాము. నొప్పి తగ్గింది. మూడవ నెలకు పి.ఎస్.ఎ. ఒకటి లోపుకు దిగింది. ఇంట్లోవాళ్ళు సంతోషంతో, "ఇక నయమైపోయినట్టేనా?" అన్నారు. కాదని చెప్పవలసి వచ్చింది. అంకె దిగడంలో కొంత కేన్సరు కణాలు చావడంవల్ల, కొంత బతికున్న కణాలకు ఆజ్ఞ అందక తయారీ మానడంవల్ల. రెండింటినీ ఆ అంకె విడదీసి చెప్పలేదు. ఇంజెక్షను మానకూడదని వాళ్ళకు అర్థమయేలా చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

కొలతే తప్పిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. జుట్టు రాలకుండా మింగే బయోటిన్ మాత్రలు వాటిలో ఒకటి. కొన్ని యంత్రాల్లో యాంటీబాడీని పూసకు అంటించే జిగురులో బయోటినే భాగం. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే శాండ్‌విచ్ పూసకు అతుక్కోక కొట్టుకుపోయి, పి.ఎస్.ఎ. ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2017లో ఈ మాత్రల గురించి హెచ్చరిక చేసింది. రక్తం ఇచ్చేముందు ఈ మాత్రల సంగతి చెప్పి, డాక్టరు సలహాతో కొద్దిరోజులు ఆపండి.

మరికొందరి రక్తంలో రెండు యాంటీబాడీలనూ పి.ఎస్.ఎ. లేకుండానే ఒకదానికొకటి అతికించే విచిత్ర మాంసకృత్తులుంటాయి. అప్పుడు లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. ఆపరేషను చేసి ప్రోస్టేటు మొత్తం తీసేసినవారికి పి.ఎస్.ఎ. దాదాపు శూన్యం కావాలి. అటువంటివారిలో చిన్న అంకె కనబడితే, కేన్సరు తిరగబెట్టిందనుకునే ముందు వేరే కంపెనీ కిట్టుతో మళ్ళీ చూడటం ఒక్కొక్కసారి అవసరం.

అన్నిటికంటే వింతైనది, మరీ ఎక్కువైతే తక్కువ చూపించడం. తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లల్ని ఎడమచేయి ఒక వలంటీరు, కుడిచేయి ఒక వలంటీరు పట్టుకుని తెస్తేనే లెక్కలో రాస్తారనుకోండి. ఎడమకు వందమంది, కుడికి వందమంది వలంటీర్లున్నారు. పిల్లలు యాభైమందైతే పేచీ లేదు. పదివేలమంది ఒక్కసారిగా మీదపడితే? ఎడమవాళ్ళకు ఒక పిల్లవాడు, కుడివాళ్ళకు ఇంకొక పిల్లవాడు దొరుకుతారు. ఇద్దరి మధ్యా ఉన్న పిల్లవాడే కనబడడు. రెండు యాంటీబాడీలనూ ఒకేసారి కలిపే కిట్లలో ఇలా జరగవచ్చు. రక్తాన్ని పలచబరచి మళ్ళీ కొలిస్తే అసలు అంకె బయటపడుతుంది. అరుదైనదే. రోగిని చూస్తే ముదిరినట్టుంది, అంకె చూస్తే చిన్నది అనిపించినప్పుడు డాక్టరు లాబొరేటరీకి ఫోను చేసి అడగాలి.

నాలుగు అనే గీత

నాలుగు లోపు ఉంటే లేదు, దాటితే ఉంది అనేటట్టు ప్రకృతి ఎక్కడా గీత గీయలేదు. 4 నుంచి 10 మధ్య అంకె వచ్చినవారికి ముక్క తీసి పరీక్షిస్తే సుమారు నలుగురిలో ఒకరికే కేన్సరు కనబడుతుంది. ముగ్గురికి ఉండదు. ఇటు చూడబోతే, 2004లో అమెరికాలో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో 4 లోపు ఉన్న 2,950 మంది వృద్ధులకు ముక్క తీసి చూస్తే నూటికి 15 మందికి కేన్సరు ఉంది. వయస్సును బట్టి కూడా గీత జరుగుతుంది. 1993లో వేసిన ఒక లెక్క ప్రకారం నలభైలలో 2.5, యాభైలలో 3.5, అరవైలలో 4.5, డెబ్బైలలో 6.5 వరకు మామూలనుకోవచ్చు.

అంకె సందేహంగా ఉన్నప్పుడు ఫ్రీ పి.ఎస్.ఎ. అని మరొకటి చూస్తారు. ఇందాక చెప్పానే, ఎక్కువ భాగం కట్టివేయబడి కొద్దిగా విడిగా ఉంటుందని, ఆ విడిగా ఉన్నది నూటికి 25 పైన ఉంటే కేన్సరు అవకాశం తక్కువ. 10 లోపు ఉంటే ఎక్కువ. ముక్క తీసే ముందు ఎం.ఆర్.ఐ. తీయించడం కూడా ఇప్పుడు చాలాచోట్ల అలవాటయింది. దానివల్ల అనవసరంగా సూదులు పొడవడం తగ్గుతోంది.

ఇంతకూ ఏ బాధా లేని మగవారందరూ ఈ పరీక్ష చేయించుకోవాలా? ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకముంచుకోవాలి. అమెరికాలో 1986లో ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది కేన్సరు ఉందని తెలిసినవారిని గమనించడానికి. కేన్సరును వెతకడానికి అనుమతి 1994లో వచ్చింది. మొదటి పనికి దీనిని మించినది లేదు. రెండవ పని దగ్గరే పేచీ. అందరికీ చేయడం పెద్ద పొరపాటని ఆ పదార్థాన్ని మొదట గుర్తించిన ఎబ్లిన్‌గారే 2010లో పత్రికకెక్కారు.

యూరపులో లక్షకు పైగా మగవారితో జరిగిన అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. పరీక్షలు చేసినవారిలో ప్రోస్టేటు కేన్సరు మరణాలు నూటికి 20 తగ్గాయి. కాని తొమ్మిదేళ్ళలో ఒక్క మరణం తప్పించడానికి 1,410 మందికి పరీక్షలు చేసి, 48 మందికి అదనంగా చికిత్స చేయవలసి వచ్చింది. పదహారేళ్ళ లెక్క తీసేసరికి అవి 570, 18 అయ్యాయి. ఆ అదనపువారిలో చాలామందికి ఆ కేన్సరు బతికినన్నాళ్ళూ ఏ బాధా పెట్టకపోయేదేమో. చికిత్స చేశాక కొందరికి మూత్రం ఆగదు, కొందరికి సంసారసుఖం పోతుంది. బ్రిటన్‌లో గ్రంథికే పరిమితమైన కేన్సరున్న 1,643 మందిని మూడు భాగాలు చేసి, ఒక భాగానికి ఆపరేషను, ఒక భాగానికి రేడియేషను, మిగిలినవారికి గమనిస్తూ కాచుకుని చూడటం అని పదిహేనేళ్ళు గమనించారు. 2023లో వచ్చిన ఫలితంలో ఏ భాగంలోనైనా ఈ కేన్సరుతో పోయినవారు నూటికి సుమారు ముగ్గురికి మించలేదు. కేన్సరనగానే రేపే కత్తి పట్టాలనే తొందర అందరి విషయంలోనూ అక్కరలేదన్నమాట.

నన్నడిగితే, యాభై దాటి, ఇంకా పది పదిహేనేళ్ళు హాయిగా తిరిగే ఆరోగ్యమున్నవారు లాభనష్టాలు తెలుసుకుని చేయించుకోవచ్చు. తండ్రికో అన్నదమ్ములకో ఈ కేన్సరు వచ్చినవారు అయిదేళ్ళు ముందుగానే డాక్టరును కలవడం మంచిది. డెబ్బై దాటి ఏ బాధా లేనివారు ప్యాకేజీలో ఉంది కదా అని చేయించుకోనక్కరలేదు. అమెరికా నిపుణుల సంఘం కూడా 2018లో 55 నుంచి 69 వరకు వారి ఇష్టానికి వదిలి, 70 దాటితే వద్దంది. మూత్రంలో రక్తం పడుతున్నా, నడుములో రాత్రిళ్ళు తగ్గని నొప్పి ఉన్నా ఈ లెక్కలేవీ వర్తించవు. వయస్సు ఎంతైనా వెంటనే చూపించుకోవాలి.

చేయించుకునేవారు రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు భార్యతో కలవకుండా ఉండాలి. సైకిలు తొక్కడం మానాలి. మూత్రంలో మంట, జ్వరం వచ్చినా, గొట్టం వేసినా, ముక్క తీసినా ఆరునుంచి ఎనిమిది వారాలు ఆగాలి. వాడే మాత్రలన్నీ చెప్పాలి. ఎప్పుడూ ఒకే లాబొరేటరీలో చేయించడం మంచిది. ఒక కిట్టుకూ మరొక కిట్టుకూ అదే రక్తంలో నూటికి ఇరవై తేడా రావచ్చు. అంకె ఒకచోట 3.8, ఇంకొకచోట 4.5 వస్తే ఏదో ముంచుకొచ్చిందని కాదు. పాత కాగితాలు పారేయవద్దు. ఒక్క అంకె కంటే వరుసగా నాలుగేళ్ళ అంకెలు డాక్టరుకు ఎక్కువ చెబుతాయి.

ముక్క తీస్తే కేన్సరు పాకుతుందని భయపడి తప్పించుకునేవాళ్ళున్నారు. ప్రోస్టేటు విషయంలో ఆ భయం అక్కరలేదు. అసలు జాగ్రత్త పడవలసింది జ్వరం గురించి. ముక్క తీయించుకున్న తరువాత చలిజ్వరం వస్తే రేపు చూద్దామనుకోక ఆ రాత్రే ఆస్పత్రికి రావాలి.

మాస్టారి వేలితో పరీక్షలో గ్రంథి కొంచెం పెద్దదిగా, నున్నగా, మెత్తగా తగిలింది. గడ్డలు లేవు. ఎనిమిది వారాలాగి, అదే లాబొరేటరీలో మళ్ళీ చేయించమన్నాను. ఆ ఎనిమిది వారాలు ఆయనకు ఎలా గడిచాయో నాకు తెలుసు. మధ్యలో రెండుసార్లు ఊరికే వచ్చి కూర్చుని వెళ్ళారు. రెండవ రిపోర్టులో 3.4 వచ్చింది. ఏడాది తరువాత ఒకసారి చూద్దామని చీటీ మీద తేదీ రాసిచ్చాను.

లేచి వెళుతుంటే, "పంపకాలు ఆపారా మాస్టారూ?" అని అడిగాను.

"లేదండీ. సగం రిజిస్ట్రేషను అయిపోయింది. ఇప్పుడు ఆపితే చిన్నకోడలు ఊరుకోదు" అన్నారు.